మోకాలి మార్పిడి తర్వాత ఇంట్లో కోలుకోవడం: వంచడం కంటే ముందు చాచడం

మీరు రాసిన విషయాలను ముందుగా ఒకచోట చేర్చుకుంటాను. మీ అత్తగారికి 66 ఏళ్ళు, కుడి మోకాలికి పూర్తి మార్పిడి ఆపరేషన్ జరిగి 10 రోజులైంది, షుగర్ ఉంది, విజయవాడ సత్యనారాయణపురంలో లిఫ్టు లేని అపార్ట్‌మెంటు రెండో అంతస్తులో ఉంటున్నారు. మోకాలి కింద దిండు లేకపోతే ఆవిడకు నిద్ర పట్టడం లేదని, వ్యాయామం అనగానే కళ్ళనీళ్ళు పెట్టుకుంటున్నారని, పప్పు తింటే చీము పడుతుందని బంధువులు ఆపించారని, మోకాలు 80 డిగ్రీలకు మించి వంగకపోవడం మీకు బెంగగా ఉందని రాశారు. నాలుగు నెలల్లో వచ్చే దసరాకు కొండ మీద అమ్మవారిని దర్శించుకోగలనా, మళ్ళీ నేల మీద కూర్చుని పూజ చేసుకోగలనా అని ఆవిడ అడుగుతున్నారట. ఇళ్ళకు వెళ్ళి ఆపరేషన్ అయినవారి చేత ఫిజియోథెరపీ చేయించడమే నా వృత్తి కాబట్టి ఆ అనుభవంతో చెబుతున్నాను. ఆవిడ మోకాలిని తెరిచి చూసిన సర్జన్ చెప్పిన మాటకూ నా మాటకూ తేడా వచ్చినప్పుడు ఆయన మాటనే పాటించండి.

పదో రోజుకు 80 డిగ్రీలు వంగడం బెంగపడవలసిన విషయం కాదు. రెండు వారాలకు 90 డిగ్రీల దగ్గరకు, ఆరు వారాల నుంచి మూడు నెలల మధ్య 110 లేదా ఆ పైకి చేరడం సాధారణంగా కనిపించే క్రమం. మెట్లు ఎక్కడానికి సుమారు 90 డిగ్రీలు, మామూలు ఎత్తున్న కుర్చీలో నుంచి సుఖంగా లేవడానికి అంతకు కొంచెం ఎక్కువ సరిపోతుంది. మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టినది ఆ దిండు. ఇంటిల్లిపాదీ, చుట్టపక్కాలూ మోకాలు ఎంత వంగింది అని అడుగుతారే తప్ప, పూర్తిగా చాచగలుగుతున్నారా అని అడిగేవారు దాదాపు ఉండరు. నేను చూసినంతవరకు ఆలస్యంగానైనా వంపు వస్తుంది, కానీ మొదటి ఆరు వారాల్లో పోగొట్టుకున్న చాపును తిరిగి తెచ్చుకోవడం చాలా కష్టం.

దిండు ఎందుకు హాయిగా ఉంటుందో తెలిస్తే అది ఎందుకు కూడదో కూడా తెలుస్తుంది. ఆపరేషన్ తర్వాత మోకాలి లోపల రక్తమూ నీరూ చేరి వాపు ఉంటుంది. కీలు సుమారు 30 డిగ్రీలు వంగి ఉన్నప్పుడు లోపల చోటు ఎక్కువగా ఉండి ఒత్తిడి తగ్గుతుంది కాబట్టి, ఆ భంగిమలో నొప్పి తక్కువగా అనిపిస్తుంది. రాత్రంతా, పగలు సగం ఆ భంగిమలోనే ఉంటే మోకాలి వెనుక పొర, తొడ వెనుక కండరాలు ఆ పొడవుకే అలవాటుపడి బిగుసుకుపోతాయి. చాలా సందర్భాల్లో ఆపరేషన్ బల్ల మీద సర్జన్ కాలిని పూర్తిగా నిటారుగా వచ్చేలా చేసే పంపిస్తారు, దాన్ని పోగొట్టుకునేది ఇంట్లోనే. పది పదిహేను డిగ్రీల వంపు మిగిలిపోయినా ఆ కాలు పొట్టిగా ఉన్నట్టు కుంటుతూ నడవవలసి వస్తుంది, నిలబడినంతసేపూ తొడ ముందు కండరం విశ్రాంతి లేకుండా పనిచేసి అలసిపోతుంది, ఆ భారం క్రమంగా నడుము మీద, రెండో మోకాలి మీద పడుతుంది.

ఈ రోజే ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. గట్టి పరుపు మీద ఆవిడను వెల్లకిలా పడుకోబెట్టి, కాలి వేళ్ళు పైకప్పు వైపు ఉండేలా రెండు కాళ్ళూ చాపమని చెప్పి, మోకాలి వెనుక మీ అరచేతిని దూర్చండి. చేయి సులువుగా దూరిపోతే చాపు తక్కువగా ఉందని అర్థం. మోకాలి వెనుక భాగంతో మీ చేతిని పరుపుకేసి నొక్కమని చెప్పినప్పుడు ఆవిడ నొక్కగలిగితే అది తొడ కండరం బలహీనత మాత్రమే, సాధనతో పోతుంది. ఎంత ప్రయత్నించినా ఖాళీ తగ్గకపోతే బిగుసుకోవడం మొదలైంది కాబట్టి కుట్లు తీసే రోజున సర్జన్‌కు ఈ విషయం తప్పకుండా చెప్పండి.

దిండును మోకాలి కింద నుంచి తీసి మడమ కింద పెట్టండి. తువ్వాలును గట్టిగా చుట్టి చీలమండ కింద ఉంచితే మోకాలి వెనుక భాగం గాలిలో ఉండి, కాలి బరువుతోనే నెమ్మదిగా నిటారుగా సాగుతుంది. మొదట మూడు నాలుగు నిమిషాలు ఓర్చుకుంటే చాలు. తర్వాత దాన్ని పది నిమిషాల వరకు పెంచుతూ రోజుకు నాలుగైదుసార్లు చేయించండి. మోకాలి వెనుక లాగినట్టు ఉంటుంది, అది ఉండవలసిందే. రాత్రి పూట ఎత్తు లేకుండా ఆవిడ నిజంగా పడుకోలేకపోతే, దిండును నిలువుగా పెట్టి పిక్క నుంచి మడమ దాకా ఆనేలా చూడండి, కాలు ఎత్తుగానూ ఉంటుంది, మోకాలు వంగకుండానూ ఉంటుంది. పక్కకు తిరిగి పడుకోవాలనుకుంటే రెండు కాళ్ళ మధ్య దిండు పెట్టుకోవచ్చు. పగలు కుర్చీలో కూర్చున్నప్పుడు కూడా గంటల తరబడి కాలు కిందికి వేలాడదీయకుండా, మధ్యమధ్యలో ఎదురుగా ఉన్న స్టూలు మీద మడమ ఆనించి చాపమనండి.

ఇక వ్యాయామానికి ఆవిడ ఏడుస్తున్నారంటే, సాధారణంగా దానికి రెండు కారణాలు ఉంటాయి. నొప్పి మాత్ర వేళకు, వ్యాయామం వేళకు పొందిక లేకపోవడం ఒకటి, చేయించేవారు బలవంతం చేయడం రెండోది. నొప్పి బాగా పెరిగాక మాత్ర వేసుకోవడం కంటే డాక్టరు రాసిన వేళల ప్రకారం వేసుకుని, వేసుకున్న అరగంట నుంచి ముప్పావు గంట తర్వాత వ్యాయామం మొదలుపెడితే సగం గొడవ తగ్గుతుంది. రోజుకు ఒకసారి గంటసేపు చేయించి అలసిపోయేలా చేయడం కంటే, పది పదిహేను నిమిషాల చొప్పున రోజుకు నాలుగైదుసార్లు చేయించడం మేలు. పాదాన్ని పైకీ కిందికీ ఆడించడం మెలకువగా ఉన్న ప్రతి గంటకూ చేయాలి, ఎందుకంటే పిక్క కండరం కదిలితేనే కాలిలోని రక్తం గడ్డకట్టకుండా పైకి వెళుతుంది. మోకాలి వెనుక భాగాన్ని పరుపుకేసి నొక్కి ఐదు నుంచి పది సెకన్లు బిగపట్టడం, కాలు నిటారుగా ఉంచి జానెడు ఎత్తుకు లేపడం, మడమను పరుపు మీద జరుపుతూ మోకాలు వంచడం, కుర్చీలో కూర్చుని పాదాన్ని నేల మీద వెనక్కి జరపడం, ఈ దశలో ఇవి చాలు. మడమ జారడానికి దాని కింద ఒక ప్లాస్టిక్ కవరు వేస్తే శ్రమ తగ్గుతుంది.

మోకాలిని పట్టుకుని ఒక్కసారిగా వంచే పద్ధతిని నేను సమర్థించను. అలా చేస్తే ఆ పూటకు పది డిగ్రీలు ఎక్కువ వంగినట్టు కనిపిస్తుంది కానీ, సాయంత్రానికి వాపు పెరిగి మర్నాడు అంతకంటే తక్కువ వంగుతుంది, పైగా ఆవిడకు వ్యాయామం అంటేనే భయం పట్టుకుంటుంది. చివర కొంత లాగడం, కొంత నొప్పి తప్పవు, అవి వ్యాయామం ఆపిన అరగంటలో తగ్గుతుంటే మోతాదు సరిపోయినట్టే. రాత్రంతా సలుపు పెట్టి, మర్నాటికి వాపు పెరిగితే ఆ మోతాదు ఎక్కువైనట్టు. మోకాలిని దానంతట అదే వంచే యంత్రాన్ని అద్దెకు తెమ్మని ఎవరైనా సలహా ఇస్తే తొందరపడవద్దు. మామూలు వ్యాయామంతో పోలిస్తే దానివల్ల చెప్పుకోదగ్గ లాభం కనిపించలేదని అధ్యయనాలు చెబుతున్నాయి. ఆ డబ్బుతో మంచి ఫిజియోథెరపిస్టును మరికొన్నాళ్ళు పిలిపించుకోవచ్చు. తగినంత సాధన చేసినా ఆరు వారాలకు కూడా 90 డిగ్రీలకు చేరకపోతే, మత్తు ఇచ్చి మోకాలిని వంచే ప్రక్రియ గురించి సర్జన్ ఆలోచిస్తారు, సాధారణంగా మొదటి మూడు నెలల లోపే చేస్తారు కాబట్టి ఆ సమయంలో జరిగే పరీక్షను వాయిదా వేయకండి.

వ్యాయామం తర్వాత ఐసు పెట్టాలి. పలుచటి గుడ్డలో చుట్టి 15 నుంచి 20 నిమిషాలు, కుట్ల మీది కట్టు తడవకుండా పెట్టండి. ఇంట్లో పెద్దవాళ్ళు కాపడం పెట్టమంటారు, మొదటి వారాల్లో వేడి వాపును పెంచుతుంది కాబట్టి వద్దు. పిక్కకు నూనె రాసి మర్దనా చేయడం అంతకంటే వద్దు. అక్కడ రక్తపు గడ్డ ఏర్పడి ఉంటే మర్దనాతో కదిలి ఊపిరితిత్తులకు చేరే ప్రమాదం ఉంది.

మందుల విషయంలో రెండే జాగ్రత్తలు చెబుతాను. ట్రమడాల్ అనే నొప్పి మందు ఉన్న మాత్రల్లో చాలావాటిలో పారాసిటమాల్ కూడా కలిసి ఉంటుంది. అది తెలియక విడిగా మరో పారాసిటమాల్ వేస్తే మోతాదు మించిపోతుంది, కాబట్టి చీటీ పట్టుకుని ప్రతి మాత్రలో ఏముందో మందుల షాపులో అడిగి రాసి పెట్టుకోండి. ట్రమడాల్ వల్ల మలబద్ధకం, కడుపులో తిప్పడం, తల తిరగడం వస్తాయి కాబట్టి మాత్ర వేసుకున్నాక ఆవిడను ఒంటరిగా బాత్రూముకు పంపకండి. రెండోది, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన మాత్రను లేదా ఇంజెక్షన్‌ను రాసిన రోజుల వరకు ఆపకూడదు, అది వాడుతున్నప్పుడు షాపులో అడిగి తెచ్చిన వేరే నొప్పి మాత్ర వేయకూడదు. షుగర్ ఉన్నవారిలో మూత్రపిండాల మీద కూడా ఆ నొప్పి మాత్రల ప్రభావం పడుతుంది.

పప్పు తింటే చీము పడుతుందన్న మాట కృష్ణా, గుంటూరు జిల్లాల్లో నేను వెళ్ళిన దాదాపు ప్రతి ఇంట్లోనూ వింటాను. చీము పట్టేది సూక్ష్మజీవుల వల్ల, పప్పు వల్ల కాదు. గాయం మానడానికి, కరిగిపోయిన తొడ కండరం తిరిగి పెరగడానికి మాంసకృత్తులు కావాలి. 60 కిలోల బరువున్న మనిషికి ఈ సమయంలో రోజుకు సుమారు 60 నుంచి 70 గ్రాములు అవసరమవుతాయి. పప్పు మానేసి చారు అన్నం, మజ్జిగ అన్నంతో సరిపెడితే అందులో సగం కూడా అందదు. ఒక గుడ్డులో 6 గ్రాములు, గ్లాసు పాలలో సుమారు 6 గ్రాములు, కప్పు ముద్దపప్పులో 7, 8 గ్రాములు ఉంటాయి. చేప తినే అలవాటుంటే వంద గ్రాముల కొరమీనులో సుమారు 16 నుంచి 20 గ్రాములు ఉంటాయి. పెసరట్టు, పెరుగు, ఉడికించిన శనగలు అన్నీ పెట్టవచ్చు. మూత్రపిండాల జబ్బు ఉంటే మాత్రం ఎంత పెట్టాలో డాక్టరును అడగాలి. వంకాయ, గోంగూర కుట్లను పాడుచేయవు. నొప్పి మాత్రలతో కడుపులో మంట ఉన్నన్నాళ్ళు పచ్చళ్ళ కారం తగ్గిస్తే సరిపోతుంది. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ అనే మాత్ర వాడేవారు మాత్రం ఆకుకూరలు ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ కాకుండా ఎప్పుడూ తినే మోతాదులోనే తినాలి.

షుగర్ గురించి మీరు ఒక్క వాక్యమే రాశారు, నిజానికి దానికి ఇంకా ఎక్కువ చోటు ఇవ్వాలి. ఆపరేషన్ వల్ల కలిగే ఒత్తిడితో, అప్పుడు ఇచ్చే కొన్ని మందులతో షుగర్ పెరుగుతుంది, అది అదుపులో లేకపోతే కుట్లు ఆలస్యంగా మానుతాయి, ఇన్ఫెక్షన్ అవకాశం పెరుగుతుంది. ఇంటికి వచ్చాక మరో సమస్య వస్తుంది. ఆకలి లేక సగం ఇడ్లీ తిని, మాత్ర మాత్రం పాత మోతాదులోనే వేసుకుంటే షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. చెమటలు పట్టి, చేతులు వణుకుతూ, మాట తడబడుతుంటే వెంటనే పరీక్షించి, 70 కంటే తక్కువ ఉంటే మూడు చెంచాల పంచదార కలిపిన నీళ్ళు ఇవ్వండి, స్పృహ సరిగా లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కు ఫోన్ చేయండి. ఈ రెండు వారాలు ఉదయం పరగడుపున, రాత్రి భోజనానికి ముందు పరీక్షించి అంకెలు రాసి ఉంచితే డాక్టరుకు మోతాదు మార్చడం సులువవుతుంది. రోహిణి కార్తె ఎండల్లో బెజవాడలో కూర్చున్నచోటే చెమట కారిపోతుంది. నీళ్ళు తాగితే మాటిమాటికీ లేవాలని చాలామంది ఆడవాళ్ళు తాగడం తగ్గించేస్తారు. గుండె, మూత్రపిండాల డాక్టరు నీళ్ళు తగ్గించమని చెప్పి ఉండకపోతే అలా చేయనివ్వకండి, నీరు తగ్గితే మలబద్ధకమూ రక్తపు గడ్డల ప్రమాదమూ రెండూ పెరుగుతాయి. బాత్రూముకు లేచి వెళ్ళడం కూడా ఒక నడకే.

ఇల్లు సర్దడంలో పడిపోకుండా చూడడమే ముఖ్యం. గుమ్మాల దగ్గర కాళ్ళు తుడుచుకునే పట్టాలు తీసేయండి, తడిగుడ్డ పెట్టిన నేల ఆరే వరకు నడవనివ్వకండి, చీర కుచ్చిళ్ళు వాకర్ కాళ్ళలో చిక్కుకుంటాయి కాబట్టి కొన్నాళ్ళు చీలమండ పైకి ఉండే నైటీ మేలు. గడపలు ఎత్తుగా ఉండే ఇళ్ళలో ముందు వాకర్‌ను ఎత్తి గడప అవతల నాలుగు కాళ్ళూ నేలకు ఆనేలా పెట్టి, తర్వాత ఆపరేషన్ కాలు, ఆ తర్వాత మంచి కాలు దాటించాలి. గడప తొక్కకూడదన్న పెద్దల పట్టింపు ఇక్కడ బాగా పనికొస్తుంది. చేతులున్న ఎత్తైన కుర్చీని గోడకు ఆనించి వేయండి, తేలికపాటి ప్లాస్టిక్ కుర్చీ లేచేటప్పుడు నున్నటి టైల్స్ మీద వెనక్కి జారుతుంది. సోఫాలు, కుంగిపోయే నవారు మంచాలు వద్దు. బాత్రూములో స్టూలు, పట్టుకోవడానికి గోడకు బిగించిన కడ్డీ, కమోడ్ మీద ఎత్తు పెంచే సీటు, రాత్రిపూట వెలిగే చిన్న దీపం ఉండాలి. తువ్వాలు వేసుకునే కడ్డీ మనిషి బరువును ఆపదు, దాన్ని పట్టుకోవద్దని చెప్పండి.

రెండో అంతస్తు పెద్ద ఆటంకం కాదు కానీ, కుట్లు తీయించడానికి తప్ప ఈ వారం ఆవిడను కిందికి దించకండి. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు, ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ చేర్చాకే తర్వాతి మెట్టు. ఒక చేయి రెయిలింగ్ మీద ఉండాలి, తోడున్నవారు ఎక్కేటప్పుడు వెనుక, దిగేటప్పుడు ముందు, అంటే ఎప్పుడూ ఒక మెట్టు కింద ఉండాలి. ఆసుపత్రికి ఆటోలో వద్దు. కారు ముందు సీటును పూర్తిగా వెనక్కి జరిపి, ముందు కూర్చుని తర్వాత రెండు కాళ్ళూ లోపలికి తిప్పుకోమనండి. తర్వాత చేతికర్రకు మారినప్పుడు దాన్ని ఎడమ చేతిలో, అంటే ఆపరేషన్ కాలికి ఎదుటి వైపు చేతిలో పట్టుకోవాలి.

ముంగాలి మీదికి, చీలమండ దాకా నల్లగా కమిలినట్టు దిగడం, మోకాలు కొన్ని నెలలు వెచ్చగా ఉండడం, నడిచేటప్పుడు లోపల టిక్కుటిక్కుమనడం, కుట్టుకు బయటి పక్క చర్మం మొద్దుబారడం మామూలే. రాత్రిళ్ళు నిద్ర పట్టకపోవడం, సాయంత్రాలు కారణం లేకుండా దిగులుపడడం కూడా మొదటి వారాల్లో చాలామందిలో ఉంటుంది. వీటికి కంగారుపడనక్కరలేదు. పిక్కలో కొత్తగా నొప్పి, గట్టిదనం, కాలంతా వాపు వస్తే మాత్రం అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. అకస్మాత్తుగా ఆయాసం, ఛాతీలో నొప్పి, దగ్గులో రక్తం వస్తే క్షణం ఆగకుండా 108కు ఫోన్ చేయాలి. పడిపోయిన తర్వాత కాలు ఎత్తలేకపోయినా, పాదం పైకి లేవకపోయినా ఆలస్యం చేయకూడదు.

కుట్ల నుంచి తడి కారడం, చుట్టూ ఎరుపు పాకడం, చలితో జ్వరం రావడం వంటివి కనిపిస్తే ఆపరేషన్ చేసిన సర్జన్ దగ్గరికే వెళ్ళండి. వీధి చివర ఆర్‌ఎంపీ దగ్గర యాంటీబయాటిక్ ఇంజెక్షన్ వేయించుకుని రెండు రోజులు చూద్దామనుకోవడం చాలామంది చేసే పని, చాలా నష్టం చేసే పని. కృత్రిమ కీలుకు పట్టిన ఇన్ఫెక్షన్‌ను తొలి రోజుల్లో శుభ్రం చేసి కీలును కాపాడే అవకాశం ఉంటుంది. ముందే యాంటీబయాటిక్ పడితే లోపలి నీటిని పరీక్షకు పంపినా ఏ సూక్ష్మజీవో తేలకపోవచ్చు, పైకి తగ్గినట్టుండి లోపల ముదరవచ్చు.

నేల మీద పూజ సంగతి ఆవిడకు ఇప్పుడే స్పష్టంగా చెప్పడం మంచిది. బాసింపట్టు వేసుకోవడం, గొంతుక్కూర్చోవడం మానుకోమనే ఎక్కువమంది సర్జన్లు చెబుతారు, ఎందుకంటే అంత లోతు వంపులో కృత్రిమ కీలు మీద, అందులోని ప్లాస్టిక్ భాగం మీద ఒత్తిడి బాగా పెరుగుతుంది. దేవుడి పటాలను నడుము ఎత్తున్న అలమరకు మార్చి, ఎదురుగా కుర్చీ వేస్తే ఆవిడ పూజ ఆగదు. అది ఇప్పుడే చేయండి, లేకపోతే ఎవరూ లేనప్పుడు కింద కూర్చునే ప్రయత్నం చేసి లేవలేకపోతారు.

దసరాకు నాలుగు నెలలుంది కాబట్టి, అనుకున్నట్టు కోలుకుంటే దర్శనానికి వెళ్ళవచ్చు. అయితే ఇంద్రకీలాద్రి మెట్ల మార్గం ఈ ఏడాదికి వద్దు. మెట్ల కంటే ఇబ్బంది పెట్టేది గంటల తరబడి క్యూలో కదలకుండా నిలబడడం, దానికి మోకాలు సాయంత్రానికి బాగా వాచిపోతుంది. మూలా నక్షత్రం రోజు రద్దీ అన్నిటికంటే ఎక్కువ కాబట్టి ఆ రోజు మానుకుని, వీలైతే నవరాత్రులకు ముందో తర్వాతో, ఉదయాన్నే వాహనంలో వెళ్ళండి. అప్పటికి చేతికర్ర అవసరం లేకుండా నడుస్తున్నా ఆ రోజు మాత్రం వెంట తీసుకెళ్ళండి, కర్ర చూస్తే జనం కాస్త ఎడం ఇస్తారు.